విద్యాపీఠమును వీడిన పరిశోధకులు

వ్యాకరణము చదువుకొన్నవారికి 'వీడుట' యను మాట వినఁబడినతోడనే అపాదానకారకము స్ఫురించును. ఒకటి మఱియొకదానినుండి విడివడునపుడు ఏది నిలుకడగా నుండునో దానికిఁ బాణిని యా సంజ్ఞను విధించెను. చెట్టునుండి ఆకు రాలెనన్నచోఁ జెట్టు నిలిచియున్నది, ఆకు కదలినది. ఇంతవఱకు సులభమే. పరుగెత్తుచున్న గుఱ్ఱమునుండి రౌతు పడెనన్నచో గుఱ్ఱము నిలుకడగా లేదు గదా, దాని కపాదానత్వ మెట్లు సిద్ధించునని వ్యాఖ్యాతలు శంకించిరి. పడుట యను క్రియకు గుఱ్ఱమే యవధి, దాని పరుగుతో నిచటఁ బనిలేదని సమాధానము చెప్పిరి. ఈ విషయమును ముప్పది యేండ్లుగా విద్యార్థులకుఁ బాఠము చెప్పుచున్నాను గాని, దీనిని మనుష్యుల బ్రదుకునకు అన్వయించి చూడవలసిన యక్కఱ నాకుఁ గడచిన సంవత్సరమువఱకుఁ గలుగలేదు.

నాయొద్దఁ జదివి, తెలుఁగు సంధులపై సిద్ధాంతవ్యాసము వ్రాసి పట్టము పొందిన శిష్యుఁ డొకఁడు ఏడేండ్లు వేర్వేఱు కళాశాలలలోఁ దాత్కాలికోపన్యాసకుఁడుగాఁ బని చేసెను. ఏఁటేఁట క్రొత్తగా దరఖాస్తు పెట్టుకొనుట, వేసవి నెలలలో జీతము లేకుండుట, మరల నాషాఢమున నెవరో పిలుతురని యెదురు చూచుట. ఇదియే యాతని యుద్యోగచరిత్ర. తుదకు హైదరాబాదులోని యొక వ్యాపారసంస్థలో, కంప్యూటరునకుఁ దెలుఁగు సమాసములను విడఁదీయుట నేర్పు పనిలోఁ జేరెను. ఆ వార్త చెప్పి నమస్కరింప వచ్చినపుడు నేను, "విద్యను నమ్ముకొన్నవాఁడ వనుకొంటిని నాయనా, అమ్ముకొంటి వన్నమాట" అంటిని. అతఁడు బదులు పలుకలేదు. తాను సేకరించిన సంధిప్రయోగముల కాగితపుఁగట్టను నా బల్లపై నుంచి, "ఇవి యిఁక మీయొద్దనే యుండనీయండి గురువుగారూ" అని చెప్పి వెడలిపోయెను.

ఆ కట్ట చాలనాళ్లు నా కన్నుల యెదుటనే యుండెను. నే నాడిన మాట నిజమా యను సందేహ మొకనాఁడు పొడమినది. సందేహము తీర్చుకొనుటకు నాకుఁ దెలిసిన మార్గ మొక్కటియే. పూర్వులు నడచిన జాడలను వెదకి చూచుట. అట్లు చూచినదాని నీ వ్యాసమునఁ బాఠకుల ముందు నుంచుచున్నాను.

పూర్వపక్షము

విద్యాపీఠము పరిశోధనకు సహజమైన నెలవు. అచట గ్రంథాలయము కలదు, ప్రయోగశాల కలదు, ప్రశ్నించు విద్యార్థులు కలరు, తప్పు దిద్దు సహాధ్యాపకులు కలరు. బయటి యుద్యోగమున యజమానుని లాభమే ప్రధానము, సత్యాన్వేషణము గౌణము. కావున విద్యాపీఠమును వీడినవాఁడు పరిశోధనను వీడినవాఁడే. ఇది పూర్వపక్షము. శిష్యునితో నే నాడిన మాటకు మూలమిదియే.

ఈ వాదము తేలికగాఁ ద్రోసివేయఁ దగినది కాదు. కాని యిది విద్యాపీఠమును వేరులు పాఁతుకొన్న చెట్టువలె నెంచుచున్నది. మన దేశమున నవీనవిశ్వవిద్యాలయము లంత పాఁతవి కావు. మద్రాసు విశ్వవిద్యాలయము 1857లో స్థాపింపఁబడెను. అదియుఁ జాలకాలము పరీక్షలు జరిపి పట్టము లిచ్చుటయే ముఖ్యవ్యాపారముగా నుండెను. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లోను, ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లోను బుట్టినవి. నన్నెచోడుని కుమారసంభవమును మానవల్లి రామకృష్ణకవిగారు వెలికిఁదీసి 1909లో అచ్చొత్తించిరి. చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' మొదటిభాగము 1910లో వెలువడెను. అప్పటికి ఆంధ్రదేశమున నొక్క విశ్వవిద్యాలయమును లేదు. తెలుఁగు వాఙ్మయచరిత్రకును, దేశచరిత్రకును మొదటి పునాదిఱాళ్లు పడినది విద్యాపీఠముల వెలుపలనే. ఇల్లు కట్టకముందే కాఁపురము సాగినది.

అయినను ఇది విద్యాపీఠము లేనినాఁటి కథ గదా యని యాక్షేపింపవచ్చును. ఉన్నదానిని విడిచినవారి గతి యేమని యడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానముగా వేర్వేఱు త్రోవలఁ బోయినవారి చరిత్రములను బరిశీలింతము.

గిడుగు రామమూర్తి పంతులుగారు

గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమునందలి పర్వతాలపేటలో జన్మించిరి. 1880లోఁ బర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నుపాధ్యాయులుగాఁ జేరిరి. ఆయన బోధించినది చరిత్రము. కాని యాయన మనస్సు తరగతిగదిలోనే నిలువలేదు. ముఖలింగాలయమునందలి శాసనముల లిపిని గురుముఖమున నేర్వకుండఁగనే స్వయముగాఁ జదువ నేర్చుకొనిరి. పర్లాకిమిడి సంతలకు వచ్చు సవరలను జూచి, వారి భాషకు వ్రాఁత లేదని యెఱిఁగి, ఆ భాష తెలిసినవానిని దన యింటనే యుంచుకొని దానిని సాధించిరి. సవరల కొండపల్లెలకుఁ దిరిగిరి. ఆ యడవులలోఁ బట్టుకొన్న చలిజ్వరమునకుఁ గొయినా సేవింపఁగా దానివలన వినికిడి తగ్గినది. భాషాధ్వనులను బట్టుకొనవలసినవానికిఁ జెవులే పోవుట యెంతటి నష్టమో వేఱుగఁ జెప్పనక్కఱలేదు. అయినను ఆ పనిని మానలేదు.

1911లో ముప్పదియేండ్ల యుద్యోగము ముగించుకొని పంతులుగారు కళాశాలను వీడిరి. అప్పటి కాయనకు నలువదియెనిమిదేండ్లు. ఇచట గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఆయన పేరు దేశమునఁ బ్రఖ్యాతమైన పనులలోఁ బెక్కు కళాశాలను వీడిన తరువాతివే. వ్యావహారికభాషను సమర్థించుచు నాంగ్లమున వ్రాసిన విజ్ఞప్తి 1913లోను, 'తెలుఁగు' అను మాసపత్రిక 1919లోను వెలువడినవి. సవరభాషావ్యాకరణమును మద్రాసు ప్రభుత్వమువారు 1931లోఁ బ్రకటించిరి. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడెను. అప్పటికి పంతులుగారికి డెబ్బదియైదేండ్లు. 1936లో నొరిస్సారాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి యందుఁ జేరఁగా, అర్ధశతాబ్దమునకు మించి నివసించిన యా యూరిని సైతము విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరిలోఁ గన్నుమూసిరి.

ఇందువలనఁ దేలినదేమి? పంతులుగారి జీవిక కళాశాలనుండియే వచ్చినది గాని, వారి పరిశోధన కళాశాల పెట్టిన పని కాదు. సవరభాష నేర్చుకొమ్మని యెవరును జెప్పలేదు. సవరభాషలో వాచకములు వ్రాసినందులకుఁ బ్రభుత్వ మీయఁబోయిన ధనమును నిరాకరించి, ఆ ధనముతో సవరపిల్లలకు బడి పెట్టుఁడని కోరిరి. పరిశోధనకును జీతమునకును నడుమ నాయన యొక గోడ కట్టుకొనిరి. గోడ కట్టుకొన్నందున, జీతమిచ్చు చోటు విడిచినను పని యాగలేదు.

ఈ వ్యాసము వ్రాయుచున్న భాషను పంతులుగారు వలదన్నారని నే నెఱుఁగుదును. వారి పక్షమే నెగ్గినదనియు నెఱుఁగుదును. నాబోఁటి పాఁతపద్ధతివాఁడు వారిని బ్రమాణముగాఁ దెచ్చుకొనుట చూచి పాఠకులు నవ్వుకొందురుగాక. వాదమున విరోధి యైనవాని శ్రమను గౌరవించుట శాస్త్రమర్యాదయే.

కచ్చేరియు సంస్థానమును

ఆ 1911వ సంవత్సరముననే మద్రాసులో ఆంధ్రసాహిత్యపరిషత్తు స్థాపింపఁబడెను. దాని స్థాపకులు జయంతి రామయ్య పంతులుగారు భాషావివాదమున గిడుగువారికిఁ బ్రధానప్రతిపక్షులు. ఇట్లు పోరాడిన యిరువురిలో నొకరు కళాశాలను వీడినవారు, మఱియొకరు కళాశాలాధ్యాపకులు కాక డిప్యూటీ కలెక్టరుగా నుండినవారు. తెలుఁగు భాషను గూర్చి యా శతాబ్దమున జరిగిన పెద్దవాదమున నిరుపక్షముల సేనానులును విద్యాపీఠమునకు వెలుపలివారే. రామయ్య పంతులుగారు రెవిన్యూ కచ్చేరిలో జీవికను, తాళపత్రములలోఁ దృప్తిని వెదకికొనిరి. పిఠాపురాధీశ్వరుల పోషణమున వారు తలపెట్టిన సూర్యరాయాంధ్రనిఘంటువు మొదటి సంపుటము 1936లో వెలువడెను. 1941లో వారు పరలోకగతులైరి. నిఘంటువు సమాప్తి నందుటకు మఱి కొన్ని దశాబ్దములు పట్టినది. పట్టినను సమాప్తమైనది. కారణ మేమనఁగా, ఆ పని యొక వ్యక్తిది మాత్రమే కాక యొక పరిషత్తుదిగాఁ గూడ నుండెను.

దీనితోఁ బోల్చి చూడఁదగినది కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి చరిత్రము. వీరు విద్యాపీఠమును విడిచినవారు కారు. ఎం.ఏ. పట్టము పొందియు నందుఁ బ్రవేశింపనేలేదు. మునగాల సంస్థానాధిపతులగు రాజా నాయని వేంకటరంగారావుగారి యొద్ద దివానుగిరి చేయుచు, ఆ రాజావారి తోడ్పాటుతోడనే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1906లో విజ్ఞానచంద్రికామండలి వెలయుటకుఁ గారకులైరి. పైఁ జెప్పిన ఆంధ్రుల చరిత్రమును బ్రకటించినది యీ మండలియే. సంస్థానపు దావాలును, శిస్తులెక్కలును బగటివేళను దినివేయఁగా, మిగిలిన ప్రొద్దులోఁ జరిత్రవ్యాసములు వ్రాసి, యితరులచే శాస్త్రగ్రంథములు వ్రాయించిరి.

ఆయన జీవితపు మహాప్రయత్నము ఆంధ్రవిజ్ఞానసర్వస్వము. మొదటి సంపుటము 1915లో వెలువడెను. మూఁడు సంపుటములు వచ్చి, వర్ణమాల మొదటనే యది యాగిపోయినది. 1923 జూలైలో, నలువదియాఱేండ్ల ప్రాయమున, లక్ష్మణరావుగారు స్వర్గస్థులైరి. తరువాతఁ గాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగా రా పనిని మరల నెత్తుకొనిరి గాని, తొలి సంకల్పము తొలిరూపమున సిద్ధింపలేదు. సంస్థానాశ్రయమున లోప మిదియే. ప్రభువు ఉదారుఁడు, దివాను సమర్థుఁడు, మిత్రులు విద్వాంసులు. ఇన్ని యున్నను పని యంతయు నొక్క యూపిరిమీఁద నాధారపడియుండెను. ఆ యూపిరి యాగఁగానే అక్షరక్రమము సైతము ముందుకు సాగలేదు.

లక్ష్మణరావుగారి పరిచర్యలోఁ దయారైనవారిలో మల్లంపల్లి సోమశేఖరశర్మగారు ముఖ్యులు. వారికిఁ గళాశాలాపట్టము లేదు. విజ్ఞానసర్వస్వకార్యాలయమే వారి కళాశాల, శాసనములే వారి పాఠ్యపుస్తకములు. అట్టివారు రచించిన రెడ్డిరాజ్యచరిత్రమును ఆంధ్ర విశ్వవిద్యాలయమే 1948లో నాంగ్లమునఁ బ్రకటించెను. అనఁగా విద్యాపీఠపు ద్వారము బయటికిఁ బోవుటకు మాత్రమే కాక, బయటినుండి లోనికి వచ్చుటకును దెఱవఁబడవచ్చును. తెఱచినవారికి నష్టము కలుగలేదు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు

ఇంతవఱకుఁ జెప్పినవారు భాషాచరిత్రములవారు. వ్యాపారసంస్థలోఁ జేరి పరిశోధన చేసినవారి మాట యేమి? నా శిష్యుఁడు పోయిన త్రోవ యిదియే గావున దీనిని దాఁటవేయుట న్యాయము కాదు. ఇచట నాకు వ్యాకరణపరిచయము చాలదు. అయినను లోకవిదితమైన చరిత్రమును జెప్పుటకు వైద్యుఁడు కానక్కఱలేదు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీని భీమవరమున జన్మించిరి. ఆయన సోదరుఁడు స్ప్రూ అను జీర్ణకోశవ్యాధికి బలియయ్యెను. మద్రాసు వైద్యకళాశాలలోఁ జదివి, ఆ పట్టణముననే ఆయుర్వేదకళాశాలలోఁ గొంతకాలము బోధించి, కాకినాడయందలి మల్లాడి సత్యలింగనాయకరు ధర్మనిధివారి సాయమును బొంది, 1922లో అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. పగలు హార్వర్డులోఁ జదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగు పని. ఇట్లు గడిపిరి.

తరువాత ఫిస్కే యను నాచార్యునితోఁ గలసి, రక్తమునందలి భాస్వరమును గొలుచు విధానమును 1925లోఁ బ్రకటించిరి. ఆ విధానము నేఁటికిని వారిరువురి పేరులతోడనే వ్యవహరింపఁబడుచున్నది. కండరములకు శక్తి నిచ్చు ఫాస్ఫోక్రియేటిను 1927లోను, సకలప్రాణికోటికి శక్తినాణెమువంటి ఏటీపీ యను పదార్థము 1929లోను వారి ప్రయోగశాలలో వ్యక్తమైనవి. రెండవదానిని జర్మనీలో లోమన్ అను విద్వాంసుఁడును స్వతంత్రముగా నా కాలముననే కనుఁగొనెను. 1930లో సుబ్బారావుగారికి డాక్టరు పట్టము లభించెను. అటు పిమ్మటఁ బదియేండ్లు వేచినను వారికిఁ స్థిరమైన యాచార్యపదవి మాత్రము లభింపలేదు.

1940లో సుబ్బారావుగారు హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమునందలి పెరల్ రివర్ అను నూర నున్న లెడర్లీ ప్రయోగశాలలోఁ జేరిరి. అది మందులు చేసి యమ్ము సంస్థ. రెండేండ్లలో నచటఁ బరిశోధనాధ్యక్షులైరి. ఆ తరువాత వారికి మిగిలిన యాయుస్సు ఆఱేండ్లు. ఆ స్వల్పకాలమున వారి యాధ్వర్యవమున జరిగిన పనిని జూడుఁడు. ఫాలిక్ ఆమ్లమును గృత్రిమముగా నిర్మించినట్లు 1945లోఁ బ్రకటించిరి. సోదరుని బలిగొన్న స్ప్రూవ్యాధికిని, గర్భిణుల రక్తహీనతకును నది యౌషధమైనది. దానికిఁ బ్రతిరూపముగాఁ జేసిన అమినాప్టెరినును బోస్టనునందలి సిడ్నీ ఫార్బరు అను వైద్యుఁడు రక్తపుఁగాన్సరుతో మరణించుచున్న పిల్లలకిచ్చి, పదునాఱుగురిలోఁ బదుగురికిఁ దాత్కాలికముగా మేలు కనఁబడెనని 1948లోఁ బ్రకటించెను. ఏ బోస్టను నగరమున సుబ్బారావుగారికి స్థిరపీఠము దొరకలేదో ఆ నగరమునకే యా యౌషధము తిరిగి చేరినది. బోదకాలువ్యాధికిఁ గారణమగు పురుగులపైఁ బనిచేయు హెట్రజాను 1947లో వెలువడెను. భారతప్రభుత్వము 2004లో నారంభించిన బోదకాలునిర్మూలనకార్యక్రమమున నింటింటఁ బంచిన డి.ఇ.సి. మాత్రలు ఆ మందే. గోదావరి జిల్లాలలో నా మాత్ర మ్రింగినవారిలో నెందఱు దానిని దయారు చేయించినవాఁడు తమ భీమవరమువాఁడని యెఱుఁగుదురో!

ఈ సంస్థవారే 1944లో బెంజమిన్ డగ్గరు అను వృక్షశాస్త్రాచార్యుని బిలిచి యుద్యోగ మిచ్చిరి. వయస్సు మీఱినదని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ మాయనకు విశ్రాంతి నిచ్చియుండెను. డెబ్బదియేండ్లు దాఁటిన యా వృద్ధుఁడు మట్టినమూనాలను బరీక్షించి యారియోమైసిను అను జీవరక్షకౌషధమును గనుఁగొనెను. అది 1948లో లోకమునకుఁ బ్రకటితమైనది. ఒక పీఠము చోటు లేదన్నవాఁడును, మఱియొక పీఠము ప్రొద్దుగ్రుంకినదన్నవాఁడును నొకచోఁ జేరి లోకోపకారము చేసిరి. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, ఏఁబదిమూఁడేండ్లకే, నిద్రలోఁ గన్నుమూసిరి.

ఇందలి కొఱఁతనుగూడఁ జెప్పవలయును. ఫాలిక్ ఆమ్లనిర్మాణమును దెలుపు 1945వ సంవత్సరపు లేఖపైఁ బదునాఱు పేరులున్నవి. వానిలో సుబ్బారావుగారిది యొకటి మాత్రమే. వ్యాపారసంస్థలోఁ బని యనేకులది, ఫలము సంస్థది. ఆయనకుఁ గీర్తిపై నాసక్తి లేకుండుటయుఁ దోడై, పేరు మఱుఁగుపడెను. సహోద్యోగులైన శాస్త్రజ్ఞులు 1953లో నొక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అని పేరిడిరి. భారతప్రభుత్వము 1995లో శతజయంతీసందర్భమునఁ దపాలాబిళ్ల వెలువరించెను. బ్రదికియుండఁగా నాయన కందవలసిన గౌరవ మీ రెంటిలోను లేదు.

సిద్ధాంతము

ఈ చరిత్రములను బ్రక్కప్రక్కన నుంచి చూడఁగాఁ బరిశోధకునకు నాలుగు కావలయునని తోఁచుచున్నది. మొదటిది జీవిక. రెండవది యుపకరణములు, అనఁగా గ్రంథములు, శాసనములు, ప్రయోగశాల. మూఁడవది తప్పు దిద్దఁగల సహచరులు. నాలుగవది తన ప్రశ్నను దాను నిర్ణయించుకొను స్వాతంత్ర్యము. గిడుగువారికి స్వాతంత్ర్యము పుష్కలము, ఉపకరణములు స్వల్పము, సహచరులు సవరలు. లక్ష్మణరావుగారికి సహచరులు సమృద్ధి, తీరిక కొఱఁత. సుబ్బారావుగారికి లెడర్లీలో నుపకరణములును సహచరులును గావలసినంత, పేరునకుఁ జోటు తక్కువ. నాలుగును సమముగాఁ గుదిరిన త్రోవ నాకుఁ గనఁబడలేదు. పూర్వపక్షి చెప్పినట్లు విద్యాపీఠమున నవి నాలుగును గలవు. నిజమే. కాని స్థిరమైన పీఠము దొరకినవానికి మాత్రమే.

ఏడేండ్లు తాత్కాలికోపన్యాసకుఁడుగా నుండిన నా శిష్యునకు నాలుగింటిలో నేమి కలదు? జీవిక యేఁటికొకసారి తెగిపోవుచుండెను. గ్రంథాలయపు చీటి యుద్యోగముతోడనే ముగిసిపోవుచుండెను. సహచరు లేఁటేఁట మాఱుచుండిరి. పాఠముల బరువున స్వాతంత్ర్యము మాటయే లేదు. ఆకు చెట్టును విడిచినదని నేను నిందించితిని. చెట్టు ఆ యాకును దనదిగా నెన్నఁడైన నెంచినదా యని విచారింపనైతిని. రౌతు పడెనని చెప్పుటకు గుఱ్ఱపు పరుగును లెక్కింపనక్కఱలేదని వైయాకరణులు చెప్పిరి. వ్యాకరణమునకది చాలును. చరిత్రకుఁ జాలదు. రౌతును దూషించుటకుముందు గుఱ్ఱ మెట్లు పరుగెత్తుచుండెనో చూడవలయును.

ఇచట నొక యాక్షేపము మిగిలియున్నది. నేనుదాహరించినవారు మహనీయులు. విద్యాపీఠమును వీడి, జీతపుఁబనిలో మునిఁగి, వ్రాయవలసినది వ్రాయకయే పోయినవా రెందఱో కలరు. వారి పేరులు చరిత్రలో లేవు గావున నుదాహరించుట కవకాశము లేదు. ఈ యాక్షేపము సత్యము. కావుననే, వెలుపలికిఁ బోయినవాఁడు తనంతఁదానే నిలిచికొనునని చెప్పుట నా యుద్దేశము కాదు. నిలుచుట కతనికి మఱియొకచోటినుండి యాధారము కావలయును. నిఘంటువును నిలిపిన పరిషత్తు వంటి యాధారము లేకున్న, విజ్ఞానసర్వస్వమునకుఁ బట్టిన గతియే పట్టును.

అట్టి యాధార మిచ్చుట మనవంటి పరిశోధకసంఘముల ధర్మమని నా నమ్మకము. చేయవలసినది గొప్పపని కాదు. ఉద్యోగముతో నిమిత్తము లేకుండఁ గ్రంథభాండాగారమును బరిశోధకునికిఁ దెఱచియుంచవలయును. రాత్రులందును, సెలవుదినములందును జదువుకొనువానికి వీలైన వేళలు నిర్ణయింపవలయును. వ్యాసరచయిత పేరు క్రింద నే కళాశాల పేరును లేకున్నంతమాత్రమున వ్యాసమును బ్రక్కకుఁ బెట్టరాదు. ఏఁటికొకసారియైన వెలుపలివారిని బిలిచి వారి పని వినవలయును. వ్యయము స్వల్పము. ఫలము మాత్రము ముందుగా లెక్కింపరానిది.

ఇఁక నా కాగితపుఁగట్ట మాట. మొన్నటి శ్రావణమున శిష్యునికి నేనే మొదట జాబు వ్రాసి, నాఁటి మాటను వెనుకకుఁ దీసికొంటిని. అతఁడు వెంటనే బదులు వ్రాసెను. క్షమాపణమును గూర్చి యొక్క ముక్కయు లేదు. ఉన్న దంతయు సంధివిషయమే. చిన్నయసూరి తన బాలవ్యాకరణమునఁ గొన్ని సంధులను బహుళమని విడిచెను. బహుళమన్నచో నొకచో నగును, ఒకచోఁ గాదు, ఒకచో వికల్పమని మేము పాఠము చెప్పి ముందుకుఁ బోదుము. యంత్రమట్లు ముందుకుఁ బోదఁట. ఏ పదము తరువాత నగును, ఏ పదము తరువాతఁ గాదని నిలవేసి యడుగునఁట. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకై యాతఁడు కావ్యములనుండి ప్రయోగములను వేలకొలఁదిగా నేఱి వర్గీకరించుచున్నాఁడు. సిద్ధాంతవ్యాసమునఁ దాను దాఁటవేసిన చోటిదియే ననియు, దానిలో నా యభిప్రాయము కావలెననియు వ్రాసెను.

నేను ముప్పదియేండ్లుగా దాఁటవేసిన చోటును నదియే. అతనికి వ్రాయఁదగిన యభిప్రాయము నాయొద్ద సిద్ధముగా లేదు. కాగితపుఁగట్టను దపాలులో నతనికిఁ దిరిగి పంపి, దానితో నాకుఁ గనఁబడిన ప్రయోగములు నలువది విడిగా వ్రాసి జతపఱచితిని. తక్కినవి వెదకుచున్నాను.